గంజు నల్లబడే గంట

మూడు రోజులుగా ఆ పెట్టె హాల్లోనే ఉంది. రేణు దాని పక్కనుంచి ఒదిగి నడుస్తోంది గానీ విప్పడం లేదు. విప్పితే దాన్ని గరాజ్‌లోకి మోయాలి. గరాజ్‌లో అడుగుపెట్టి ఆమెకి రెండేళ్లు కావస్తోంది. రెడ్‌మండ్‌లో ఏడాదికి ఎనిమిది నెలలు వాన కురుస్తున్నా కారు బయటే పెడుతుంది, తడుస్తూ ఎక్కుతుంది, తడుస్తూ దిగుతుంది. లోపల సామాను పేరుకుపోయి ఉంటుందని వీధిలో వాళ్లు అనుకుంటారు. నిజానికి అందులో ఉన్నది ఒక గ్యాస్ బర్నర్, ఒక సిలిండర్, ఒక బల్ల, గోడ మేకుకి వేలాడే ఒక పొడుగాటి స్టీలు గరిటె. అంతే.

పెట్టెలో ఉన్నది పది గ్యాలన్లు పట్టే పెద్ద అల్యూమినియం గిన్నె, వాళ్ల మాటలో గంజు. బీరు కాయడానికి తెప్పించింది, ఇంట్లో ఉన్న పాతదాన్ని రెండేళ్ల కిందటే పారేయించింది. నవ్వాల్సిన పనేమీ లేదు, రేణు చుక్క ముట్టని మనిషి. ఆ బీరు ఆమె భర్త హర్షవర్ధన్ కోసం. హర్షవర్ధన్ చనిపోయి ఈ నవంబర్‌కి రెండేళ్లు.

అమెరికా వచ్చిన మనవాళ్లకి తలా ఒక పిచ్చి పడుతుంది. కొందరు ఇళ్ల మీద ఇళ్లు కొంటారు. కొందరు నలభై దాటాక మారథాన్లు పరుగెత్తి మోకాళ్లు అరగదీసుకుంటారు. హర్షవర్ధన్ నెలకోసారి గరాజ్‌లో బీరు కాచేవాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, గుప్పెడు ధనియాలు, నారింజ తొక్క. ఆఫీసులో పదిమందికి సంజాయిషీ చెప్పుకునే మనిషి ఆ గంజు ముందు గరిటె పట్టుకుని నిలబడితే చూడాలి, పెళ్లింట వంటమేస్త్రీకి కూడా అంత ధీమా ఉండదు. కొట్లో కొన్న బీరు ఎవరైనా చేతికిస్తే మర్యాదకి పట్టుకునేవాడు, వాళ్లు అటు తిరగ్గానే మొక్కలకి పోసేవాడు.

వాళ్లది జగిత్యాల వైపు. అక్కడ బతుకమ్మకి ముందొచ్చే అమావాస్యని పెత్రమాస అంటారు. ఆ రోజు పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి ఫోటో ముందు విస్తరిలో పెడతారు. తాగే అలవాటున్న మనిషైతే తాగేది కూడా పెడతారు. పెట్టి, వాళ్లొచ్చి తిని పోవడానికి తలుపు దగ్గరకేసి కాసేపు అవతల కూర్చుంటారు. ఏది పెట్టినా మన పొయ్యి మీద మన చేత్తో చేసిందే పెట్టాలి. కిందటేడు రేణు అన్నీ వండింది గానీ బీరు మాత్రం కొట్లో కొని గ్లాసులో పోసింది. ఇంకేం చేస్తుంది, ఆ విద్య ఆమెకి రాదు. నురగ దిగిపోయిన ఆ గ్లాసును చూస్తుంటే మొక్కలకి పోసే మనిషి కళ్లముందు మెదిలి, తను చేసింది పెద్ద తప్పనిపించింది.

ఆ వారం నుంచే చప్పుడు మొదలైంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం, రెండూ నలభై అయ్యే వేళకి, గరాజ్‌లో గరిటె కింద పడ్డ చప్పుడు. ఠంగుమని ఒకసారి, ఆ వెంట సిమెంటు మీద కాసేపు గిలగిల, తర్వాత ఏమీ లేదు. వంటింటికీ గరాజ్‌కీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. రేణు ఆ తలుపు తెరిచి చూడలేదు. కొన్ని ఆదివారాలు గుడికి వెళ్లింది, కొన్నిసార్లు మాల్‌లో ఊరికే తిరిగింది. ఎక్కడున్నా ఆ వేళకి ఫోన్ తీసి టైం చూసుకునేది. ఇంట్లో చప్పుడవుతోంది, వినేవాళ్లు లేరు అనిపించి, వచ్చేవారం మళ్లీ ఇంట్లోనే కూర్చునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మంచి డాక్టర్ నంబరు ఇస్తారు, ఇంకేమిస్తారు.

ఆయనకి ఆయన బీరే పెడితే శాంతిస్తాడు, ఆ చప్పుడు ఆగుతుంది. రేణుకి కావలసింది అదొక్కటే. కనీసం తనకి తాను అలాగే చెప్పుకుంది.

అందుకే నీరజ్‌ని అడిగింది. నీరజ్‌ది రాజమండ్రి. హర్షవర్ధన్‌ని అన్నా అని పిలుస్తూ, ఐదేళ్లు ఆ గరాజ్‌లో పక్కన నిలబడి బీరు కాచినవాడు. హర్ష వాడిన ఈస్ట్‌ని, పెరుగుకి తోడు దాచుకున్నట్టు, ఒక కాపు నుంచి ఇంకో కాపుకి అట్టేపెడుతూ ఇంతకాలం తన ఫ్రిజ్‌లో బతికిస్తున్నాడు. ఇప్పుడు ఒక్క సీసాడే మిగిలింది. మంగళవారం వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తున్నాడు, ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. సోమవారం లేబర్ డే సెలవు. ఆ రోజు కాస్తే పెత్రమాసకి ఇరవై రోజులు, సరిగ్గా సరిపోతుంది. అందుకని ఆదివారం కల్లా కొత్త గంజు సిద్ధంగా ఉండాలి, ఆ పని మాత్రం రేణు చేసిపెట్టుకోవాలి.

"వదినా, కొత్తది మెరుస్తా ఉంటుంది, చూసి మురిసిపోకండి," అన్నాడు ఫోన్‌లో. "సబ్బుతో మెత్తగా ఒక్కసారి కడిగి, అంచుకి నాలుగు వేళ్ల కిందిదాకా నీళ్లు పొయ్యండి. మరగడం స్టార్ట్ అయ్యాక గంట ఉంచండి. లోపలంతా నల్లబడుద్ది. నల్లబడాలి. అది దానికి చర్మం లాంటిది. అది లేకపోతే బీరంతా లోహం వాసనొస్తది."

ఆ తర్వాత ఏదో అనబోయి ఆగిపోయాడు. తోమకండి అనబోయాడని రేణుకి తెలుసు. ఎందుకు ఆగాడో కూడా తెలుసు.

హర్ష పోయిన ఏడాది దీపావళి పాట్‌లక్‌కి నలభై మందికి బగారన్నం వండే పని రేణు మీద పడింది. ఇంట్లో అంత పెద్ద గిన్నె లేదు. గరాజ్‌లోంచి ఆయన గంజు తెచ్చి లోపలికి చూస్తే అడుగునుంచి అంచుదాకా నలుపు. ఎన్నేళ్ల మురికో అనుకుంది. వాళ్లమ్మ ఇంట్లో గిన్నెలు అద్దాల్లా ఉండేవి, అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ఊరుకుంటుందా. చింతపండు నానబెట్టి, స్టీలు పీచు పట్టి, రెండు గంటలు తోమింది. వేళ్లు పగిలాయి. చివరికి గంజులో తన ముఖం తనకి కనిపించింది. అన్నం బాగా కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం బీరు కాయడానికి గంజు తీసిన హర్ష లోపల వేలితో రాసి చూశాడు. నాలుగేళ్లుగా కట్టిన పూత పోయింది, మళ్లీ గంట నీళ్లు మరిగించి మొదటినుంచి కట్టించాలి అన్నాడు. రేణు క్షమించమని అనలేదు, తెల్లగా చేసినందుకు తిడతావా అంది. అప్పుడు అతను, గట్టిగా కూడా కాదు, మామూలుగానే అన్నాడు:

"నల్లగున్నదల్ల మురికేనా రేణూ?"

పెళ్లిచూపుల నాడు రేణు తరఫువాళ్లు, పిల్లగాడు మంచోడే, జర నలుపు అన్నారు. కొత్త కాపురంలో ఒకసారి రేణు ఆ మాట నవ్వుతూ అతనికి చెప్పింది. అతనూ అప్పుడు నవ్వాడు. ఆ మాటని పదహారేళ్లు మనసులో దాచుకున్నాడని ఆ రోజే తెలిసింది. సిగ్గుతో వచ్చిన కోపానికి మందు లేదు. నీ గంజు నువ్వే చూస్కో, నన్ను పిలువకు అని వచ్చేసి తలుపు వేసింది.

అతను పిలవలేదు.

ఇప్పుడు ఈ ఆదివారం, పన్నెండున్నరకి, రేణు పెట్టె విప్పింది. గంజు కొత్త వెండిలా మెరుస్తోంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, మోకాలితో తలుపు నెట్టి, గరాజ్‌లో అడుగుపెట్టింది. లోపల ఇంకా ధనియాల వాసన ఉందనిపించింది. ఉండదు, రెండేళ్లయింది. అయినా ఉంది. గబగబా పెద్ద తలుపు పైకెత్తింది. ఆగస్టు చివరి ఎండ లోపలికి పడింది, ఎదురింటి వాళ్లు గడ్డి కోస్తున్నారు. ఆ చప్పుడుకి కొంచెం ధైర్యం వచ్చింది. గంజు కడిగి, బర్నర్ మీద పెట్టి, పైపుతో నీళ్లు నింపింది. మేకు మీది గరిటె దించి, దుమ్ము తుడిచి, పక్కనున్న బల్ల మీద పెట్టింది. మంట వెలిగించడానికి చెయ్యి మూడుసార్లు వెనక్కొచ్చింది.

అన్ని నీళ్లు మరగడానికి ముప్పావు గంట పట్టింది. రెండింటికి అయిదు నిమిషాలుండగా నీళ్లు తెర్లాయి. అక్కణ్ణుంచి గంట. ఆమె లెక్క వేసుకోలేదు. వేసుకుని ఉంటే రెండూ నలభై ఆ గంటలోనే ఉందని ముందే తెలిసేది, పని పొద్దున్నే ముగించేది. టైం చూసుకున్నాక చెయ్యి బర్నర్ మర మీదికి పోయింది. కట్టేద్దామంటే నీరజ్ మాట గుర్తుకొచ్చింది. మధ్యలో ఆపితే సగం పూతతో రేపటి బీరు చెడుతుంది, ఆ ఒక్క సీసాడు ఈస్ట్ కూడా పోతుంది. కుర్చీ వేసుకుని కూర్చుంది.

పావుగంటకి గంజు లోపలి మెరుపు మాసింది. అరగంటకి నీటి కింద గోడలు బూడిదరంగుకి తిరిగాయి. తెల్లటిది తన కళ్లముందే నల్లబడుతుంటే రేణుకి చేతులు నిలవడం లేదు. ఒక పీచు, ఇంత చింతపండు ఉంటే చాలు అని ఒళ్లంతా చెబుతోంది. ఎదురింటి గడ్డి మిషను ఆగిపోయింది. ఇప్పుడు నీళ్లు తెర్లే చప్పుడొక్కటే. ఆవిరి వెనక, సిలిండర్ పక్కన, అతను పడి ఉన్న చోటు కనబడుతోంది. అక్కడ ఏమీ లేదు. సిమెంటు మీద చిన్న పగులు ఉంది, అంతే. రెండూ ముప్పై ఎనిమిదికి రేణు కుర్చీలోంచి లేచింది. మంచినీళ్లు తాగి వస్తానని పైకే చెప్పింది, ఎవరికి చెప్పిందో తెలియదు. వంటింట్లోకి వచ్చి తలుపు వేసేసింది.

ఆ రోజు కూడా, పిలువకు అని వచ్చేశాక, ఇక్కడే, ఈ గట్టు ముందే నిలబడి ఉంది.

పోలీసులకి, అంబులెన్స్ వాళ్లకి, నీరజ్‌కి, జగిత్యాలలో అందరికీ ఆమె ఒకటే చెప్పింది, స్నానం చేస్తున్నాను, ఏమీ వినపడలేదు అని. చెప్పగా చెప్పగా షవర్ చప్పుడు కూడా నిజంగా విన్నట్టే గుర్తుంది. కానీ ఆ రోజు ఆమె స్నానం చేయలేదు. గరిటె పడ్డం విన్నది. కోపంతో విసిరాడనుకుంది. విసురుకో, నాకేం అనుకుంది. అతని చప్పుళ్లు వినడం ఇష్టం లేక మిక్సీలో కొబ్బరి వేసి తిప్పింది. చట్నీ అవసరమే లేదు, పొద్దుటిది అలాగే ఉంది. నలభై నిమిషాల తర్వాత, కోపం చాలించి అన్నానికి పిలుద్దామని తలుపు తీసింది. మంట అలాగే మండుతోంది, నీళ్లు అలాగే మరుగుతున్నాయి. గరిటె అతని చేతికి జానెడు దూరంలో ఉంది. గుండె ఆగిందన్నారు. వెంటనే చూసి ఉంటే ఏమో అని ఒక డాక్టర్ నోరు జారి, మళ్లీ సర్దుకున్నాడు. ఆమె సర్దుకోలేదు.

రెండూ నలభై అయింది. చప్పుడు రాలేదు. రేణు గ్లాసులో నీళ్లు పట్టింది. నలభై ఒకటి. గ్లాసు పెదాలకి ఆనించింది.

ఠంగుమంది.

ప్రతి ఆదివారం ఆమె కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. ఈసారి గ్లాసు సింకులో ఎక్కడ పడిందో చూసుకోకుండా తలుపు తోసుకుని పరుగెత్తింది. గరాజ్‌లో ఎవరూ లేరు. పెద్ద తలుపు బయట ఖాళీ వీధి, ఎండ. గరిటె బల్ల మీద లేదు. సిలిండర్ పక్కన, పగులు దగ్గర, నేల మీద ఇంకా సన్నగా ఊగుతోంది. మరుగుతున్న గంజు అదురుకి బల్ల కదిలి జారి ఉండొచ్చు. రేణు కూడా ఆ మాట అనుకుంది. అనుకుని, ఆ గరిటె పక్కనే నేల మీద కూలబడింది.

"విన్న," అంది. "ఆరోజు గూడ విన్న. నువ్వు ఇసిరేసినవనుకున్న. మిక్సీ ఏసిన. పిలువకు అంటె నిజంగనే పిలువకుంట పోతవా?"

నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. గంట పూర్తయ్యేదాకా ఆమె అక్కడే కూర్చుంది, ఆ సిమెంటు మీదే, ఒక చెయ్యి గరిటె మీద వేసి. మంట కట్టేసి, నీళ్లు చల్లారాక వంపేసింది. గంజు లోపల మేఘం కమ్మినట్టు ఒకే తీరున నల్లబడి ఉంది. మెత్తటి గుడ్డతో తడి అద్దింది తప్ప గట్టిగా తుడవలేదు.

మర్నాడు పొద్దున్నే నీరజ్ వచ్చాడు. గంజులోకి తొంగిచూసి బాగా కట్టింది వదినా అన్నాడు. బార్లీ నానుతుండగా, ఆమె అతని ముఖం చూడకుండా ధనియాలు దంచుతూ చెప్పింది.

"నీరజ్, ఆరోజు నేను స్నానం చేస్తలేను. వంటింట్లనే ఉన్న. గరిటె పడ్డది విన్న. నలభై నిమిషాలకు పోయిన."

నీరజ్ కలియబెడుతున్న చెయ్యి ఆగింది.

"అంతసేపూ అన్న ఒక్కడే ఉన్నాడా?"

"ఉన్నడు."

నీరజ్ గరిటె బల్ల మీద పెట్టి బయటికి వెళ్లాడు. కారుకి ఆనుకుని, వీపు ఇటు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. అలా ఏమీ కాదులే వదినా, మీ తప్పేం లేదు అంటాడని ఎక్కడో ఆమెకి చిన్న ఆశ ఉండేది కాబోలు. అనలేదు. టైమర్ మోగితే పని కాబట్టి లోపలికొచ్చాడు. సాయంత్రందాకా చేయాల్సిందంతా శ్రద్ధగా చేశాడు, సీసాలోని ఈస్ట్‌ని చివరి చుక్కదాకా విదిలించి, తను తెచ్చిన పులియబెట్టే డ్రమ్ములో పోశాడు. వెళ్లేటప్పుడు పదిరోజులు మూత తియ్యకండి అన్నాడు. వదినా అనలేదు.

పదిరోజులకి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, సీసాల్లో ఎలా పట్టాలో, ఎంత చక్కెర వెయ్యాలో చెప్పాడు. చెప్పినంతసేపూ పని మాటలే. పెట్టేసే ముందు మాత్రం, గ్లాసు ముందే చల్లబెట్టండి వదినా, అన్నకి అలాగే ఇష్టం అన్నాడు. రేణు ఫోన్ పట్టుకుని ఏడ్చింది. క్షమించాడని కాదు, ఆ బీరు ఎవరిదో ఇద్దరికీ గుర్తున్నందుకు.

ఈసారి పెత్రమాస ఆదివారమే పడింది. బగారన్నం, మటన్, గారెలు వండి, ఫోటో ముందు విస్తరిలో వడ్డించింది. చల్లటి గ్లాసులో బీరు పోసింది. తెల్లటి నురగ, ధనియాల వాసన. చుక్క ముట్టని మనిషి వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. లోహం రుచి లేదు. ముమ్మాటికీ ఆయనదే. ఇక్కడ మొక్కలు లేవు, తాగు అని ఫోటోకి చెప్పి, గది తలుపు దగ్గరకేసి వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

రెండూ నలభై అయింది. చప్పుడు లేదు. ఈ మధ్య రెండు ఆదివారాలూ కూడా రాలేదు. మొదటిసారి, డ్రమ్ములో బుడగలు లేచే సందట్లో వినపడలేదేమో అనుకుంది. ఇవాళ ఆ డ్రమ్ము కూడా ఖాళీ. రెండూ యాభై. మూడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఏడాదిగా ఏది ఆగాలని కోరుకుందో అది ఆగిపోయింది. హమ్మయ్య అనుకోవాలని చూసింది. మనసొప్పలేదు. వారానికి ఒక్కసారైనా, ఒక్క క్షణమైనా, ఆ తలుపు అవతల ఆయన ఉండేవాడు. ఇప్పుడు అవతల ఉన్నది గరాజే.

మూడుంపావుకి రేణు లేచి గరాజ్‌లోకి వెళ్లింది. గంజు బోర్లించి ఉంది. మేకు మీద గరిటె కదలకుండా వేలాడుతోంది. దాన్ని తీసుకుని సిలిండర్ పక్కకి, ఆ పగులు దగ్గరికి వెళ్లి, అతను నిలబడే చోట నిలబడింది. చెయ్యి చాచి గరిటె వదిలేసింది.

ఠంగుమని ఇల్లంతా మోగింది. ఆ చప్పుడు వంటింట్లో వినపడకుండా ఉండే వీలే లేదు. అది నేల మీద గిలగిలా కొట్టుకుని ఆగేదాకా, రేణు వంటింటి తలుపు వైపే చూస్తూ నిలబడింది, ఎవరైనా వస్తారేమోనని.